సమాధి దాకా వచ్చిన కోత

పైరు మీద పడ్డ తొలి పెద్దవానకు హనుమంతమ్మ చేను కింది కొసన, వంకలోకి నీళ్లు దిగేచోట, చిన్న గండి పడింది. ఒక్క అంగలో దాటొచ్చు. ఆమె, కూతురు ఈశ్వరి కలిసి తుమ్మకంప కొట్టుకొచ్చి అందులో తొక్కి, పైన రాళ్లు పేర్చారు. తర్వాతి వానకు కంపా పోయింది, రాళ్లూ పోయాయి. గండి నడుంలోతయింది.

లోతు కంటే ఆమెను భయపెట్టింది అది పైకి జరగడం. నీళ్లు కిందికే పోతున్నా కోత మాత్రం ఎగువకు పాకుతోంది. నీళ్లు దూకేచోట అడుగు మట్టి కరిగిపోయి, పైనున్న ఎర్రమట్టి కాయ పట్టిన వేరుశెనగ చెట్లతో సహా పెళ్లలుగా విరిగి పడుతోంది. ఆ దారిలోనే, కాస్త ఎగువన, ఆమె భర్త నాగేశ్వర సమాధి ఉంది. తన చేనులోనే పెట్టమని అడిగి మరీ పోయాడతను.

కారణం ఊరందరికీ తెలుసు. పై చేను మరిది తిమ్మన్నది. రెండు చేన్ల మధ్య వాలుకు అడ్డంగా పెద్దల నాటి రాతికట్ట ఉండేది. పై నీళ్లు దానికి ఆనుకుని ఇంకేవి, మిగిలినవి ఓ పక్కగా మెల్లగా వంకలోకి జారేవి. ట్రాక్టరు తిప్పుకోడానికి అడ్డమని మొన్న ఎండాకాలం తిమ్మన్న జేసీబీతో దాన్ని పెరికించాడు. కట్ట మీది కానుగ చెట్లూ పోయాయి. సాళ్లు వాలు వెంబడే తోలాడు. ఇప్పుడు సాలుకో కాలువ. అన్నీ ఒక్కచోట కలిసి ఆమె చేను మీద పడుతున్నాయి.

హనుమంతమ్మ మరిది ఇంటికి పోయింది. వరసగా పంటలు ఎండి అతనూ చితికిపోయినవాడే. ఈ కాలపు వానలకు కట్టలు ఆగవని ఏదో చెప్పబోయాడు. ఆమె వాదించలేదు.

"మీ అన్న ఆడుండాడు తిమ్మన్నా" అంది.

అతను తల తిప్పుకున్నాడు. "పంట పీకినాక కట్ట ఏద్దాం వదినా. ఇప్పుడు మిషన్ దిగితే నా చేను నాశనమైపోతాది."

ఉపాధి హామీ పనుల్లో కట్ట వేయించమని పంచాయతీలో అడిగితే, పై చేను రైతు ఒప్పుకోవాలన్నారు. ఇక చేసేదిలేక తల్లీ కూతుళ్లే సమాధికి ఎగువన రాళ్లు మోశారు. భుజాలు ఒరుసుకుపోయినా ఆపలేదు.

ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. ఇద్దరూ పరుగెత్తేసరికి పై సాళ్లలోంచి ఎర్రనీళ్లు తోసుకొస్తున్నాయి. రాళ్లు కదిలాయి. హనుమంతమ్మ వాటికి వీపు ఆనించి నీళ్లలో కూచుంది, తన బరువుకైనా ఆగుతాయేమోనని. ఈశ్వరి చెయ్యి పట్టి లాగింది.

"లెయ్యమ్మా. కింద మట్టి కదుల్తాండాది."

ఇవతలికి వచ్చీ రాకముందే రాళ్లు దొర్లిపోయాయి. సమాధి మీది బండ ఒక పక్కకు ఒరిగి, కింది మట్టితో సహా గండిలో పడింది.

వాన తెరిపిచ్చాక ఆమె గండిలోకి దిగింది. కొంగు పరిచి, బురదలో చేతికి దొరికిన ఎముకలు ఒక్కొక్కటే ఏరసాగింది. ఏడుపు రాలేదు. అన్నీ దొరకవేమోనన్న దిగులు ఒక్కటే. తిమ్మన్న వచ్చి ఒడ్డున నిలబడ్డాడు, కాసేపటికి తనూ దిగాడు. మోకాళ్ల మీద కూచుని బురద తవ్వసాగాడు.

"నా చేన్లో పెడదాం వదినా. ఆడికి రాదు" అన్నాడు.

హనుమంతమ్మ ఎగువకు చూసింది. కోత సరిహద్దు దాటి అతని సాళ్లను కొరికేసింది.

"వస్తాది" అంది. "నీ చేన్లోకీ వస్తాది."

చివరికి ఎవరూ దున్నని రాతిగుట్ట మీద నాగేశ్వరను మళ్లీ పూడ్చారు.

రెండు రోజులకు తల్లీ కూతుళ్లు మూటలు కట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు, కణేకల్ కాలువ కింద వరినాట్ల కూలికి పోవడానికి. తిమ్మన్న తన పచ్చి శెనగచెట్లు పీకేసి, సరిహద్దులో ఒక్కడే రాళ్లు పేరుస్తున్నాడు. వాళ్లను చూసి రోడ్డుదాకా వచ్చాడు.

"కట్ట ఏస్తాండా వదినా."

"కట్ట ఏయప్పా" అంది ఆమె. "పోయిన మట్టి యాడనుంచి తెస్తావు?"

బస్సు వచ్చింది. ఈశ్వరి మూటలు అందిస్తే హనుమంతమ్మ లోపల పెట్టుకుంది.