నేను దొర్లిన భుజాలు

నేను ఒక చెక్క రోలర్‌ని. జానెడున్నర పొడవు, మధ్యలో పళ్ళున్న ఏడు బిళ్ళలు, రెండు చివరలా ఎర్రటి లక్క పిడులు. మనుషుల ఒంటి మీద దొర్లడమే నా ఉద్యోగం. చూసినవాళ్ళలో సగం మంది నన్ను చపాతీల కర్ర అనుకుంటారు.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. పైడిరాజు అనే ఆయన అంకుడు కర్రని మర మీద తిప్పుతూ నన్ను చెక్కాడు. తిరుగుతున్న పిడికి లక్క ఆనిస్తే ఆ వేడికే కరిగి పట్టుకుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరిపించాడు. నేను ఇతరులకి చేసే పనిని ముందు నాకే చేశారన్నమాట.

నన్ను కొన్నది నూకరత్నం. విశాఖపట్నం మధురవాడలో ఆడవాళ్ళకి మసాజ్ చేసే చిన్న సెంటర్ ఆవిడది. వచ్చేవాళ్ళంతా చుట్టుపక్కల ఆఫీసుల వాళ్ళే. విశ్రాంతి కోసమని వస్తారు. బోర్లా పడుకోగానే, మసాజ్ బల్లలో ముఖం పెట్టుకునే కంతలోంచి కింద ఫోన్ పట్టుకుని మెయిళ్ళకి జవాబులిచ్చేవారు. పైన నేను వదులు చేసిన భుజాన్ని కింద వాళ్ళ మేనేజరు మళ్ళీ బిగించేవాడు. విసిగిపోయిన నూకరత్నం గుమ్మం దగ్గర ఒక బియ్యం డబ్బా పెట్టింది. ఫోన్ అందులో పడితేనే లోపలికి రావాలి.

ఒక శనివారం స్రవంతి వచ్చింది. పెళ్ళయి నలభై రోజులు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో రోజుకి పది గంటలు స్క్రీన్ ముందు కూర్చునే పిల్ల.

"ఏటమ్మా ఇది? బుజమా, బండరాయా?" అంది నూకరత్నం.

"తల కుడివైపు తిరగడం లేదక్కా. పెళ్ళికి వారం ముందు పట్టేసింది. సెలవు ఇవ్వాలంటే పనంతా ముందే పూర్తి చెయ్యమన్నారు."

మిగతాది బోర్లా పడుకుని చెప్పింది. పెళ్ళయ్యాక అన్నవరంలో వ్రతం చేసుకున్నారు. పీటల మీద భర్త భాస్కర్ ఆమెకి కుడి పక్కన కూర్చున్నాడు. ఫోటోలన్నిటిలోనూ ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఆమె మాత్రం సూటిగా పురోహితుణ్ణి చూస్తోంది. "ఏరా భాస్కరూ, మీ ఆవిడకి నీకంటే పంతులుగారే నచ్చినట్టున్నారు" అంది ఆయన మేనత్త. అందరూ నవ్వారు, భాస్కర్ తప్ప. మొన్న మెల్లగా అడిగాడట: "ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా?"

"మెడ నొప్పని చెప్పలేకపోయావేటి?"

"చెబితే మా అత్తగారు ఉద్యోగం మానెయ్యమంటారేమోనని..."

నా బిళ్ళలు ఆగిపోయాయి. నూకరత్నం స్రవంతిని లేపి కూర్చోబెట్టింది. "ఇది ఒక్క పూటతో వదిలే పట్టు కాదు. రోజూ పది నిమిషాలు దొర్లించాల. నీ ఈపు మీద నువ్వే దొర్లించుకోలేవు కదా?" అంది. స్రవంతి తయారయ్యాక, ఆమెని తీసుకొచ్చి బయట బల్ల మీద కూర్చున్న భాస్కర్ చేతిలో నన్ను పెట్టింది. "మెడ పట్టేసి తల తిప్పట్లేదు బాబూ మీ ఆవిడ. ఇది నా పెళ్ళి కానుక."

"మెడ నొప్పా? అంతేనా?" అన్నాడు భాస్కర్. భార్యకి మెడ నొప్పని విని అంత సంతోషించిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మొదటి రోజు ఆయన నన్ను బలమంతా పెట్టి నొక్కాడు.

"ఏవండీ, చపాతీలు ఒత్తుతున్నారా? దొర్లించండి, చాలు."

బియ్యం డబ్బా పద్ధతి ఇంటికీ వచ్చింది. ఆ పది నిమిషాలూ రెండు ఫోన్లూ ప్రెషర్ కుక్కర్లో ఉంటాయి. ఆఫీసు వాళ్ళు పిలిస్తే కుక్కర్ గుర్రుమంటుంది. విజిల్ రాదు కాబట్టి ఎవరూ లేవరు. అత్తగారికి భాస్కరే చెప్పాడు. ఆవిడ ఉద్యోగం ఊసే ఎత్తలేదు. గానుగ నువ్వుల నూనె సీసా పంపి, కాస్త వేడి చేసి రాయమంది.

పదహారో రోజు ఆదివారం. పని ముగించి నన్ను పక్కన పెట్టి, భాస్కర్ సోఫాలో ఆమెకి కుడివైపు కూర్చున్నాడు. కుక్కర్లోంచి ఫోన్ తీసి, "ఒక సెల్ఫీ" అన్నాడు. స్రవంతి మెల్లగా తల తిప్పింది. గడ్డం భుజం దాకా వెళ్ళింది. ఆయన చెవి పక్కన ఒక పుట్టుమచ్చ ఉందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

ఆ ఫోటో మేనత్తకి పంపారు. ఫ్రేము కట్టించి గోడకి పెట్టారు. అందులో ఆమె ఆయన్నే చూస్తోంది. ఆయన కంగారులో కళ్ళు మూసేసుకున్నాడు. కింద మూలన ఎర్రటి కొస ఒకటి కనిపిస్తుంది చూడండి, అది నేనే.