మూడు పూటల ట్రాక్టరు

సుభూమి కంపెనీ ట్రాక్టరు కొన్న రెండేళ్లలో ఒక్క పూట కూడా ఇంటి దగ్గర ఊరికే నిలబడలేదని మల్లేశం ఎల్బీ నగర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ చెబుతున్న సమయానికి, ఆ ట్రాక్టరు కొత్తపేటలో వాళ్ల వాకిట్లో ఊరికే నిలబడి ఉంది. నిలబడి అది నాలుగో రోజు. డ్రైవరు సీట్లో ఒక కోడి పొదగడానికి జాగా చూసుకుంటోంది.

వింటున్న అంతయ్య తల ఊపాడు. ఆయన మల్లేశానికి చిన్నాయిన, అంటే ఐలమ్మ చిన్నమ్మ పెనిమిటి. చుట్టూ ఉన్న పొలాలన్నీ తెల్ల సున్నం పూసిన హద్దురాళ్లు పాతి కాలనీలైపోతుంటే, ఆ ఇంటికి ఆఖరుగా మిగిలింది ఐలమ్మకు తండ్రి ఇచ్చిన బావి కింది మడి. పోయిన నెల అది కూడా ప్లాట్లకు పోయింది. ఇప్పుడు దానికి బదులు ఒక ట్రాక్టరు కొని, అదే కాలనీలకు ఇసుక, ఇటుక తోలి బతకాలని వాళ్ల ఆలోచన. పేరున్న కంపెనీల బండ్లు అందేలా లేవు. సుభూమి చవక. అది సరిగ్గా నడిస్తే మడి పోయినా కంచంలో అన్నం ఉంటుంది. నడవకపోతే మళ్లీ అమ్మడానికి ఇంకో మడి లేదు.

"కంపెనీ మెకానిక్‌లు ఒస్తరా?" అడిగాడు అంతయ్య.

"ఒస్తరా అంటవేంది చిన్నాయినా. ఒద్దన్నా ఒస్తరు. మొన్నొకడు ఒస్తే బండి మంచిగున్నదని చెప్పి, అన్నం పెట్టి తోలిచ్చిన. పాపం, పని దొరకలేదని ఏడ్సుకుంట పోయిండు."

మల్లేశానికి అబద్ధం ఆడటం అలవాటే కానీ, అవసరం కోసం ఆడటం ఇదే మొదటిసారి. బండికి సెల్ఫు మోటారు పోయి ఐదు నెలలైంది. తాళం తిప్పితే ఇంజను లేవదు. అందుకని రోజూ చెరువు వైపు దిగే బాట మీద, చక్రాల కింద రాళ్లు పెట్టి నిలిపేవాడు. రాళ్లు తీస్తే బండి వాలుకు జారుతుంది, గేరు వేసి క్లచ్చి వదిలితే లేస్తుంది. నాలుగు రోజుల కింద వాకిట్లో, చదును నేల మీద, మరిచిపోయి ఆపేశాడు. అంతే, కోడికి ఇల్లైంది.

మోటారు కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న డీలరు త్రినాథరావు దుకాణానికి అతను తిరగని వారం లేదు. ఆ దుకాణంలో ట్రాక్టరు ఒకటి, దేవుడి పటాలు పదకొండు. ఎప్పుడు పోయినా ఒకటే మాట.

"వచ్చేస్తోందండీ మల్లేశం గారూ. మద్రాసులో బయల్దేరింది."

ఈ ఐదు నెలల్లో మద్రాసులో నత్త బయల్దేరి ఉంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ప్లాటు కొని, గోడలు లేపి, పై అంతస్తు కిరాయికి కూడా ఇచ్చి ఉండేది. ఆ మాటే మల్లేశం మొహం మీద అన్నాడు. త్రినాథరావుకు కోపం రాలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఓ మాట చెబుతాను, ఏవీ అనుకోకండి. కొత్త పార్టీని ఎవర్నన్నా తీసుకురండి. వాళ్లు బండి బుక్ చేసిన మర్నాడు మోటారు మీ గుమ్మంలో ఉంటుంది."

"మరి మద్రాసుల ఉన్నదంటిరి గద సార్."

"అక్కడా ఉందండీ. ఇక్కడా ఉందండీ."

అదీ సంగతి. చిన్నాయిన బండి కొంటే మల్లేశం బండి లేస్తుంది. ఆదివారం పొద్దున ఐలమ్మను తీసుకొచ్చి చూస్తానన్నాడు అంతయ్య.

ఆదివారానికి మల్లేశం పెళ్లికొడుకును చేసినట్టు చేశాడు బండిని. హయత్‌నగర్ దోస్తు నర్సింహకు కూడా సుభూమే ఉంది. అతను తన బండి తెచ్చి, మల్లేశం బండిని వాలు బాట మీదికి గుంజిపెట్టాడు. కింద కారిన నూనె మరకల మీద మల్లేశం పేడనీళ్లు చల్లాడు. బానెట్‌కు పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. కోడిని గంప కింద మూశాడు. తర్వాత నర్సింహకు ఒక పాత ఖాకీ చొక్కా తొడిగి, చేతికి సంచి ఇచ్చి, కంపెనీ మెకానిక్‌ను చేశాడు.

ఐలమ్మ వచ్చింది. ఆమె బర్రెలు పెట్టి కాలనీలకు పాలు పోస్తుంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, మెకానిక్ ముందు ఆగింది.

"నెలకెన్నిసార్లు ఒస్తవు బిడ్డా?"

"లెక్కేం లేదమ్మా. ఈ తొవ్వల పోతుంటే మనసు గుంజుతది, దిగుత," అన్నాడు నర్సింహ.

మల్లేశం రాళ్లు తీశాడు. బండి జారింది, క్లచ్చి వదిలాడు, ఇంజను పేట అంతా అదిరేలా లేచింది. అంతయ్య మొహం వెలిగింది.

"కిందికి జారినంక మొత్తుకుంటదేంది?" అడిగింది ఐలమ్మ.

"నాలుగడుగులు ఏసినంక గాని మాట్లాడదు చిన్నమ్మా. మర్యాదస్తుల కంపెనీ."

"ఇగ దిల్‌సుఖ్‌నగర్ పోదాం పా," అన్నాడు అంతయ్య.

ఐలమ్మ కదల్లేదు. వేపచెట్టు నీడన కూర్చుని కొంగున కట్టుకొచ్చిన సద్ది పక్కన పెట్టుకుంది. ఆ సద్ది చూడగానే ఆమె పొద్దు వాలేదాకా కదలదని మల్లేశానికి అర్థమైంది.

"బర్రెను కొంటే మూడు పూటలు పాలు పిండి చూస్తం," అంది ఆమె. "అమ్మేటోడు ఒక పూట పిండకుంట ఆపి, తెల్లారి చెంబు నిండ చూపెడ్తడు. ఒక పూట బర్రె అబద్ధమాడుతది, మూడు పూటలు ఆడలేదు. ఇప్పుడైంది ఒకటి."

"ట్రాక్టరుకు పొదుగుంటదా చిన్నమ్మా?"

"లేదు గద. అందుకే ఇంక జాగ్రత్తగ చూడాలె."

మధ్యాహ్నం దాకా మల్లేశం ఇంజను ఆపలేదు. చైతన్యపురిలో ఎవరింటికో ఇసుక తోలి, ఖాళీగా వచ్చి, పని లేకపోయినా గల్లీ చుట్టూ తిరిగాడు. మూడోసారి తిరిగేసరికి పిల్లలు తోడుగా పరుగెత్తారు.

"ఆర్పు," అంది ఐలమ్మ.

"వేడి మీదున్నది చిన్నమ్మా. ఆర్పితే అలుగుతది."

"అలిగేదైతే ఇప్పుడే తెలవాలె. ఆర్పు."

బండిని మళ్లీ వాలు బాట ఎక్కించి ఆపాడు. అన్నాలు తిన్నాక రాళ్లు తీశాడు, జార్చాడు, లేపాడు. రెండో పూట కూడా గడిచింది. అంతయ్య చెప్పులు తొడుక్కున్నాడు.

పొద్దు వాలుతుండగా ఐలమ్మ లేచి చేతులు దులుపుకుంది.

"మూడో పూట కొనేటోళ్లే పిండాలె. అది పద్ధతి. బండిని వాకిట్లకు తే. మా ఇల్లు వాలు మీద లేదు, పళ్లెం లెక్క ఉంటది. గట్లనే చదునుగ నిలబెట్టి ఆర్పు. తాళం మీ చిన్నాయిన తిప్పుతడు."

చేసేదేం లేక మల్లేశం వాకిట్లోకి తెచ్చి ఆపాడు. అంతయ్య దేవుడికి దండం పెట్టి, సీటెక్కి తాళం తిప్పాడు. టక్ అంది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ టక్ కూడా అనలేదు. గంప కింద కోడి మాత్రం పలికింది.

"మెకానిక్ బిడ్డా, జర చూడు," అంది ఐలమ్మ.

నర్సింహ సంచి విప్పాడు. ఒక పానా, రెండు జామకాయలు బయటపడ్డాయి. పానా పట్టుకుని నిమ్మకాయల దండ వైపు కాసేపు చూశాడు. ఇంతమందీ తననే చూస్తున్నారు. అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఉండుండ్రి. నా బండి తెచ్చి గుంజుత, ఎప్పటి లెక్కనే."

అంతయ్య సీటు మీంచి మెల్లగా దిగాడు.

"నీ బండా?" అంది ఐలమ్మ. "మల్లేశం, ఇటు చూసి మాట్లాడు కొడుకా."

మల్లేశం కోడిని చూశాడు, పసుపు చూశాడు, పేడనీళ్ల కింది నుంచి మళ్లీ పైకి తేలుతున్న నల్ల మరకను చూశాడు. ఆడటానికి ఇంకో అబద్ధం వెతికాడు. దొరికినవన్నీ వాలు మీద పనికొచ్చేవే.

"సెల్ఫు లేదు చిన్నమ్మా. ఐదు నెలలాయె. మెకానిక్ మొకం మా వాకిలి ఎన్నడు చూడలే. కొత్త పార్టీని పట్టుకొస్తే మోటారిస్తానన్నడు డీలరు. నీ మడి సంగతి తెలిసే నిన్ను పట్టుకొచ్చిన."

ఐలమ్మ తిట్టలేదు. నర్సింహ వైపు తిరిగింది.

"మరి నీకేమొచ్చింది బిడ్డా ఈ బండితోటి?"

నర్సింహ ఖాకీ చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ నేల చూశాడు. "రెండేండ్ల కింద గీ బండి మంచిదని మల్లేశానికి నేనే చెప్పిన. ఈడు బుక్ చేసిన తెల్లారి నా గేరు రాడ్డు ఒచ్చింది."

ఈ సంగతి మల్లేశానికి ఆ క్షణం దాకా తెలియదు. అప్పుడు నర్సింహ అన్న మాట మాత్రం గుర్తుకొచ్చింది. ఒక్క పూట కూడా ఇంటి దగ్గర ఊరికే నిలబడలే. తను చౌరస్తాలో సొంతం అనుకుని చెప్పిన గొప్ప, పొల్లుపోకుండా అదే.

ఐలమ్మ సద్ది గిన్నె తీసుకుంది. "మేం కొన్నంక మాదేదన్న పోతే, మేం ఎవల్ని తేవాలెరా?"

మల్లేశం బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"తప్పయింది చిన్నమ్మా. కొనకుండ్రి. అబద్ధం చెప్పిన."

గేటు దాకా నడిచిన అంతయ్య అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు. ఆయన గొంతులో కోపం కంటే జాలి ఎక్కువుంది.

"మరి నీ మోటారెట్లరా?"

"మద్రాసుల బయల్దేరింది చిన్నాయినా," అన్నాడు మల్లేశం, గంప ఎత్తి కోడిని వదులుతూ. అది నేరుగా పోయి డ్రైవరు సీటెక్కింది.