ఫార్మాట్ కొట్టిన ఆదివారం

దేవి లాప్‌టాప్ కొత్తదేం కాదు. ఏదో కంపెనీ వదిలించుకుంటే, రెండు చేతులు మారి బోయిన్‌పల్లిలో వాళ్ళింటికి చేరింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ప్లగ్గులో పెట్టి ఉంచితేనే పనిచేస్తుంది. మూడేళ్ళుగా దాన్ని బతికిస్తున్నది దేవే. నెలకోసారి అడుగు మరలు విప్పి, పెయింటు బ్రష్షుతో ఫ్యాను దుమ్ము దులిపేది. వేడెక్కకుండా కింద రెండు సీసా మూతలు పెట్టేది. మొగుడు పైడిబాబు సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. అయితే ఏం లాభం? ఆయనగారికి అది సినిమాలు చూసుకోవడానికే గుర్తొచ్చేది.

దేవిది ఇంట్లో కూర్చుని చేసే పని. అమెరికా డాక్టర్లు చెప్పింది హెడ్‌ఫోన్లో వింటూ ఇంగ్లీషులో టైపు కొట్టి పంపాలి. వేగమంతా షార్ట్ ఫారాల్లో ఉంటుంది. మూడక్షరాలు కొడితే చాలు, రోగికి నిద్ర పడుతోందని, ఆకలి మామూలుగానే ఉందని చెప్పే వాక్యం మొత్తం వచ్చి కూర్చుంటుంది. అలాంటివి ఆరు వేలు, ఒక్కొక్కటీ తన చేత్తో ఎక్కించుకుంది.

సోమవారం పరీక్ష. ఈ పని ఇచ్చే రాంగోపాల్‌పేట్ ఆఫీసువాళ్ళు ఇళ్ళలో టైపు చేసేవాళ్ళలోంచి ఇద్దరిని పర్మనెంటు చేస్తున్నారు. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి లాప్‌టాప్ మీద వాళ్ళు గంటలో రెండు వందల లైన్లు కొట్టాలి. దేవి రోజూ అంతకంటే ఎక్కువే కొడుతోంది. "మీకు వచ్చినట్టేనండీ," అని సూపర్‌వైజరు డోరా కూడా అంది. మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతుందేమోనన్నదొక్కటే భయం. అందుకే, బుద్ధి గడ్డి తిని, ర్యామ్ తెచ్చి వేయమని మొగుణ్ణి అడిగింది.

ఆదివారం పైడిబాబు ర్యామ్ తెచ్చాడు, వేశాడు. అక్కడితో ఊరుకుంటే ఇంజనీరెలా అవుతాడు?

"ఫార్మాట్ కొట్టీస్తే గుర్రంలాగ పరిగెడతాది," అన్నాడు.

"వద్దండీ, రేపే పరీక్ష. నా షార్ట్ ఫారాలు అందులో ఉన్నాయి."

"నీ ఫైళ్ళు డి డ్రైవ్‌లోనే కదేటి? పోయేది సి డ్రైవే. డి కి ఏటీ అవదు."

ఆ రోజుల్లో కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ అదే వేదం. దాచుకునేవన్నీ డి లో పడేసి, సి ని ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడిచేసేవాళ్ళు.

"ఫైళ్ళు డి లోనే. షార్ట్ ఫారాలు మాత్రం సి లో ఉంటాయట. డోరా మేడమ్ చెప్పారు."

"ఆవిడకి తెలిసింది నాకు తెలీదేటి?"

పెళ్ళాం మాట వింటే పరువు పోదూ! ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి, దేవి కూరలకని మార్కెట్‌కి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పైడిబాబు నవ్వుతూ ఎదురొచ్చాడు. "చూడు, ఎలాగుందో!"

నిజమే, చిటికెలో తెరుచుకుంది. దేవి మూడక్షరాలు కొట్టింది. తెరమీద మూడక్షరాలే పడ్డాయి. ఇంకో మూడు కొట్టింది. అవీ అంతే.

"అన్నీ పోయాయండీ."

"షార్ట్ ఫారాలే కదే, మళ్ళీ కొట్టుకో. దానికంత ఏడుపేటి?"

దేవికి ఒళ్ళు మండిపోయింది. పీక పిసికేయాలనిపించింది. వెళ్ళి అన్నం వండింది.

సోమవారం ప్రతి మాటా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కొట్టుకుంటూ పోయింది. గంటకి నూట పది లైన్లయ్యాయి. సాయంత్రం డోరా ఫోన్ చేసింది. "ఏమైందండీ దేవిగారూ? మీ పేరే అనుకున్నాం. ఇంక వచ్చే ఏడాదేనండీ."

వారం తర్వాత అల్వాల్ నుంచి పైడిబాబు బాబాయి తాతారావు వచ్చాడు. దేవి కాఫీ తెచ్చేసరికి మొగుడుగారు ఆ కథే చెబుతున్నాడు.

"బ్యాకప్ తీసుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినదు బాబాయ్. ఆడోళ్ళకి ఇవన్నీ ఏటి తెలుస్తాయి?"

దేవి గ్లాసు పెద్దాయన చేతికిచ్చింది. "నిజమే మావయ్యగారూ, తీసుకోలేదు. వైరస్‌కి భయపడి తీసుకుంటారనుకున్నాను. మొగుడికి భయపడి కూడా తీసుకోవాలని తెలీలేదు. వద్దంటే వినకుండా, నేను కూరలకెళ్ళిన టైములో తుడిచేశారు."

తాతారావు కాఫీ ఊదుకుంటూ తల దించుకున్నాడు. పైడిబాబు ముఖం మాడిపోయింది. పెద్దాయన ముందు పరువు తీసిందని మూడు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు.

ఆ మూడు రోజుల్లో దేవి నాలుగు వందల షార్ట్ ఫారాలు మళ్ళీ ఎక్కించుకుంది. ఈ మనిషి ఇంకో ఏడాది అలిగినా బాగుండుననుకుంది.