రెండు వందల ఎనభయ్యో అడుగు

నేను తాళం తప్పే మనిషిని కాను. ముప్పై ఏళ్లు డ్రమ్స్ వాయించాను. నేను తొందరపడతానని మా ఆవిడ అంటుంది. పెళ్లికి ముందు తను నా బృందంలోనే పాడేది. ఊపిరి అందక మానేశానని కనపడ్డవాళ్లందరికీ చెబుతుంది. కిందటేడాది, నేను వాయించే డాన్స్ బృందం మేడం కూడా, "మాస్టారూ, మీకు విశ్రాంతి అవసరం" అని తియ్యగా చెప్పి నన్ను తీసేసింది. వాళ్లంతా నెమ్మదస్తులైతే నేనేం చేసేది?

ఆ మేడమే ఈ ఏడు తన కొత్త నృత్యానికి సంగీతం చెయ్యమని మా అమ్మాయిని పిలిచింది. అమ్మాయికి ఇదే మొదటి అవకాశం. దాని వాయిద్యం పేరు మాడ్యులర్ సింథసైజర్. చూస్తే నిండా రంధ్రాలున్న పెట్టె, రంధ్రాల్లోంచి వేలాడే రంగురంగుల వైర్లు. అందులో ట్రిగ్గర్ సీక్వెన్సర్ అని ఒక భాగం ఉంది. అది తను చప్పుడు చెయ్యదు. ఇప్పుడు కొట్టు, ఇప్పుడు ఊరుకో అని మిగతా భాగాలకి చెబుతుంది. ఆ పని మా ఇంట్లో మా ఆవిడ పాతికేళ్లుగా ఏ వైరూ లేకుండానే చేస్తోంది.

పెట్టె బరువు కాబట్టి రిహార్సల్‌కి నేనే మోసుకెళ్లాను. తమాషా చూద్దామని మా ఆవిడా వచ్చింది.

అమ్మాయి మూడు శబ్దాలు అమర్చింది. పెట్టె లెక్కపెట్టే ఒక్కో అంకె ఒక అడుగు. బరువైన దెబ్బ అయిదు అడుగులకోసారి, చెక్క చప్పుడు ఏడింటికోసారి, సన్నటి గలగల ఎనిమిదింటికోసారి. వినడానికి ఎంత బాగుందంటే, నాకు ఒళ్లు మండింది. డబ్బా వాయించడమేమిటి, నాకు నచ్చడమేమిటి! డాన్సర్లకి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో అంతుపట్టలేదు. ఆరుగురిలో ఇద్దరు గుద్దుకున్నారు, ఒకమ్మాయి గోడదాకా వెళ్లి ఆగింది.

"అమ్మాయ్, దీనికి మొదలెక్కడ?" అంది మేడం.

"మూడూ ఒకేసారి పడేచోట మేడం. రెండు వందల ఎనభై అడుగులకోసారి."

"వీళ్లు డాన్స్ చెయ్యాలా, లెక్కలు చెయ్యాలా? షో ఎల్లుండి. సాయంత్రంలోగా ఇది దారికి రాకపోతే మామూలు రికార్డు పెట్టుకుంటాను. ఏమనుకోకు."

అమ్మాయి ఏమనుకుందో దాని మొహం చూస్తే తెలిసిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

మళ్లీ మొదలుపెట్టారు. నేను మూల కుర్చీలో కళ్లు మూసుకున్నాను. అయిదుని మోకాలికి అప్పజెప్పాను, ఏడుని మడమకి, ఎనిమిదిని పళ్లకి. మూడూ దగ్గరకొస్తుంటే లోపల తెలుస్తుంది. వచ్చేశాయి! తల ఊపాను. గోడదాకా వెళ్లినమ్మాయి అది చూసింది.

"మేడం, మాస్టారికి తెలుస్తోంది!"

అంతే, నన్ను తీసుకెళ్లి అందరికీ ఎదురుగా కూర్చోబెట్టారు. నా గడ్డం దిగగానే వాళ్లు మొదలుపెట్టాలి. వాయించే పనిలోంచి తీసేసిన మేడమే తల ఊపే పనిలో పెట్టుకుంది. నా ఠీవి చూసి మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గడ్డం దించాను. ముగ్గురు నన్ను చూసి గెంతారు, ముగ్గురు శబ్దం విని గెంతారు. మధ్యలో ఒక క్షణం తేడా.

"నాన్నా, ముందే ఊపేశావు."

"నీ డబ్బా ఆలస్యంగా వచ్చింది."

మళ్లీ చేశాం. మళ్లీ అంతే. మూడోసారికి డబ్బా మరీ బద్ధకించింది. మేడం తన ఫోన్ తీసి రికార్డులు వెతకడం మొదలుపెట్టింది.

అమ్మాయి నా పక్కన గొంతుక్కూర్చుంది. చేతిలో రెండు వైర్లు. "నాన్నా, కోప్పడకుండా చెప్పు. డబ్బాని నడిపే నా గడియారం తప్పైతే దాన్ని సరిచేస్తాను. నువ్వు తొందరపడుతుంటే అసలు ఆ గడియారాన్నే తీసేసి, నీ కాలి కింద పెడల్ పెట్టి డబ్బాని దానికి కట్టేస్తాను. నువ్వు పెడల్ ఒకసారి తొక్కితే అది నాలుగు అడుగులు వేస్తుంది. ఎవరిది తప్పో తెలిస్తే గానీ ఏ వైరు పీకాలో తెలీదు."

ఆరుగురు డాన్సర్లు, మేడం, మా ఆవిడ అందరూ నన్నే చూస్తున్నారు.

"నేనే," అన్నాను.

"ఏంటి నాన్నా?"

"నేనే తొందరపడుతున్నాను. ముప్పై ఏళ్ల నుంచీ పడుతున్నాను. పీకు నీ వైరు!"

మా ఆవిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఈ మాట రికార్డు చేశావా అమ్మా?" అని కూతుర్ని అడిగింది.

నేను పెడల్ తొక్కాను. డబ్బా నా వెనకే వచ్చింది, నాతో సమానంగా, ఒక్క మాట ఎదురు చెప్పకుండా. ముప్పై ఏళ్లలో నాకు అలాంటి తోడు దొరకలేదు. గడ్డం దిగినచోటే మూడు శబ్దాలూ కలిశాయి, ఆరుగురూ ఒక్కసారే లేచారు. ఉత్సాహం వస్తే నాకు కాలు ఆగదు. చివరికొచ్చేసరికి అందరూ చెమటలు కక్కుతూ నవ్వుతున్నారు.

మేడం ఫోన్ సంచిలో పెట్టేసింది. "ఇదే ఖాయం," అంది. మళ్లీ అమ్మాయిని పక్కకి పిలిచి, నాకు వినపడేంత నెమ్మదిగా, "చివర్లో మరీ పరిగెడుతోంది. ఆ తొందరని మెషీన్‌తో సరిచెయ్యలేవూ?" అని అడిగింది.

"ఒక్క వైరు చాలు మేడం. ఆయన ఎలా తొక్కినా సమంగా వస్తుంది."

"పెట్టెయ్, నాకేం," అన్నాను. నాకు చాలా ఉంది. కిందటేడాది విశ్రాంతి అన్నప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు.

అమ్మాయి వైరు చేతిలోకి తీసుకుంది, నా వైపు చూసింది, మడిచి జేబులో పెట్టుకుంది. "వద్దు మేడం. అది పెడితే డబ్బా ఒక్కటే వాయిస్తుంది. నాకు మా నాన్న వాయించాలి."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా తల దించుకుని గబగబా పెడల్ తొక్కేశాను. అమ్మాయి ఇంకా తన చోటికి చేరనేలేదు.