గాలి పోయినప్పుడు తెరుచుకునేది

దూలానికి కట్టిన చీర ఊయల్లో మా పాప హులిగెమ్మ ఊగే చప్పుడూ, నా చేతి కింద ప్లగ్ తిరిగే చప్పుడూ ఒకటే. అటు కొంచెం, ఇటు కొంచెం. వాల్వు సీటు మీద గరుకు సాన ముద్ద పూసి, దాని మీద స్టీలు ప్లగ్ ఆనించి అలా తిప్పుతూ ఉంటే, డోన్‌లో షెడ్డులో ఉన్నానో, చిన్నప్పుడు మా అమ్మ ఎదురుగా కూర్చుని తిరగలి తిప్పుతున్నానో తెలియదు. రేకుల మీద ఎండ మోగుతూ ఉంటుంది.

సిమెంటు ఫ్యాక్టరీల్లో అరిగిపోయిన కంట్రోల్ వాల్వులు బాగుచేయడానికి మా దగ్గరికి వస్తాయి. పైపులో పోయే నీళ్లనో, నూనెనో ఎంత కావాలో అంతే వదిలే వస్తువులవి. నా చదువు తొమ్మిదితో ఆగింది. వీటి పేర్లన్నీ ఇక్కడే నేర్చుకున్నాను. కింద బరువుగా కూర్చునేది బాడీ. దాని లోపలి గుండ్రని అంచు సీటు. ఆ అంచు మీద వాలి దారి మూసేది ప్లగ్. ప్లగ్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఆడే కడ్డీ స్టెమ్. అన్నిటికంటే పైన పుట్టగొడుగులాంటి తల, అందులో రబ్బరు డయాఫ్రం, ఒక స్ప్రింగు. గాలి ఎక్కితే డయాఫ్రం పొంగుతుంది, గాలి దిగితే స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తుంది. నాకు మాత్రం అది నిద్రపోయే బిడ్డ పొట్ట. హులిగికి ఆయాసం ఉంది, రాతి పొడి పడదు. పని మధ్యలో లేచి దాని పొట్ట కదులుతోందా అని చూసి వస్తుంటాను.

ఇన్నాళ్లూ నాది డీజిల్ తొట్టిలో కడిగే పని, సాన పట్టే పని. ఈ వాల్వును మాత్రం మా మేస్త్రి బసవన్న పూర్తిగా నాకే వదిలేశాడు.

"నువ్వే బిగించమ్మే. పరీక్షలో నిలబడితే ఈ బెంచి నీది. లేదంటే మళ్లీ డీజిల్ తొట్టి కాడికే" అన్నాడు.

నా గుబులు బెంచి గురించి కాదు. పొద్దున మా ఆయన నరసింహ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశాడు.

"ఏమే, మీ కాడికొచ్చిన పెద్ద వాల్వు మాదేలే. బట్టీ తిరిగే బేరింగుకు సల్లనీళ్లు పోయే పైపుది. నేను నిలబడే తావులోదే. సక్కంగా బిగించు, లేకుంటే నన్ను కాల్చి తింటావు!"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అందుకే సాన ఇంకా ఇంకా పట్టాను. ప్లగ్‌కు నీలం రంగు రాసి సీటుకు ఆనించి ఎత్తితే, యాడా తెగని సన్నని గీత పడింది. వానకు ముందు చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు. ఆ గీత తెగకుంటే చుక్క కారదు. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత తల బిగించాను. స్ప్రింగు ఏ వైపు పెట్టాలో ఎవరినీ అడగలేదు. మా షెడ్డుకు వచ్చేవి దాదాపు అన్నీ బట్టీకి నూనె పోసే వాల్వులు. గాలి ఆగితే వాటిని స్ప్రింగు మూసెయ్యాలి, లేకపోతే మంట ఆరదు. నా చేతులకు అదే అలవాటు. పైగా నాకు భద్రం అంటే మూసి ఉండడమే. ఇంట్లో కిటికీలు తీయను. హులిగి నీళ్ల సీసా మూత కూడా, దుమ్ము పడుతుందని, బలంకొద్దీ తిప్పుతాను.

గాలి గొట్టం తగిలించాను. స్టెమ్ పైకి లేచింది, దారి తెరుచుకుంది. బసవన్న లారీ డ్రైవరుతో టీకి పోయాడు. అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. కంప్రెసర్ మూగబోయింది. ట్యాంకులో మిగిలిన గాలి ఎక్కడో సన్నగా కారిపోతూ ఉంటే, స్టెమ్ మెల్లగా, కునుకు పట్టిన మనిషి తల వాలినట్టు, కిందికి దిగింది. దిగి, మూసుకుంది.

"అమ్మా, నీల్లు" అంది హులిగి ఊయల్లోంచి.

సీసా అందుకున్నాను. నూనె చేతులు. మూత కదలలేదు. చీర కొంగుతో పట్టి తిప్పాను. పాప ఏడుపు ఎక్కువైంది, ఏడుపుతో ఎగశ్వాస. ఎదురుగా వాల్వు గమ్మున మూసుకుని ఉంది. గాలి లేని వాల్వు. నీళ్ల వాల్వు. దాని అవతల బేరింగు కాలుతూ, దాని పక్కన నా మొగుడు.

మూత పళ్లతో తీశాను. పాప గటగటా తాగింది.

బసవన్న వస్తూనే, "కరెంటు రానీ, చూసి ఎక్కిద్దాం. లారీ ఆయప్ప తొందరపడతాండాడు" అన్నాడు.

"ఎక్కించొద్దన్నా. తల విప్పల్ల."

"ఎందుకమ్మే? నీలం గీత అంత సక్కంగా ఉండాది కదా!"

"గీత కాదన్నా. ఇది మా ఆయన కాడి నీళ్లది. గాలి పోతే మూసుకుంటాండాది."

ఆయన వాల్వును చూశాడు, నన్ను చూశాడు, నుదురు కొట్టుకున్నాడు.

"మొగునితో కొట్లాడి వచ్చినావా ఏంది, ఇట్ల బిగించినావు?" అని, మళ్లీ గొంతు తగ్గించి, "నేనూ అడగలేదు కదా. నూనెవి చూసి చూసి బుర్రంతా నూనె అయిపాయె" అన్నాడు.

పొట్టి బోల్టులు ముందు తీశాం. స్ప్రింగు ఎగిరి మీద పడకుండా పొడవు బోల్టులు చివరికి ఉంచి, కొంచెం కొంచెంగా వదిలాం. లోపల స్ప్రింగు నిట్టూర్చినట్టు సాగింది. డయాఫ్రం తిరగేసి, స్ప్రింగును దాని కిందికి మార్చి, మళ్లీ బిగించాను. డ్రైవరు బయట హారన్ కొడుతూనే ఉన్నాడు. బసవన్న పోయి, "కొట్టు కొట్టు, అది అరిగితే అదీ ఈడనే బాగుచేస్తాం" అని వచ్చాడు.

కరెంటు వచ్చింది. వాల్వుకు ఒక పక్క నీళ్ల గొట్టం పెట్టి, తలలోకి గాలి ఎక్కించాం. మూసుకుంది. రెండో పక్క చుక్క లేదు.

"ఇప్పుడు గాలి నువ్వే ఆపు" అన్నాడు బసవన్న.

ఆపాను. ఉస్సుమంది. స్టెమ్ కాసేపు కదలలేదు. ఆ కాసేపూ నేనూ ఊపిరి తీసుకోలేదు. తర్వాత అది లేచింది, ఎవరో అడుగు నుంచి మెల్లగా ఎత్తుతున్నట్టు. నీళ్లు బుడబుడమని వచ్చి నాపరాయి మీద పరుచుకున్నాయి. హులిగి ఊయల దిగి వచ్చి అందులో కాళ్లు పెట్టింది. వద్దనబోయి, ఊరుకున్నాను.

"పంపిద్దామా మీ ఆయన కాడికి?"

"పంపన్నా."

లారీలోకి ఎక్కించేదాకా ఆ తల మీద చెయ్యి తీయలేదు. ఇనుము వెచ్చగా ఉంది. లోపల స్ప్రింగు మేలుకునే ఉంది.