మూడో గుట్ట మీది మొక్కు

మా కాలేజీ స్టాఫ్ రూం కిటికీలోంచి చూస్తే మూడు గుట్టలు వరసగా కనిపిస్తాయి. హసన్‌పర్తి దాటాక, పొలాల మధ్య, పక్కపక్కనే. పదేళ్లుగా వాటిని చూస్తూ లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ఒక్కరోజులో మూడూ ఎక్కి దిగాలని, అదీ ఒక్కదాన్నే, ఈ ఆదివారం బయల్దేరాను. మా ఆయన మధు "ఒక్కదానివే ఎందుకు రమా? ఏమన్న అయిందా?" అన్నాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకుండా మనిషి గుట్ట ఎక్కకూడదని రాజ్యాంగంలో ఏమైనా రాసుందా?

మొదటి గుట్ట పెద్దగా కష్టపెట్టలేదు. కింద సీతాఫలం పొదలు, పైన బోడి బండ. కాసేపు నిలబడి, నీళ్లు తాగి దిగాను. పలకరించేవాళ్లు లేరు. హాయిగా అనిపించింది.

దిగేసరికి కింద గొర్రెల మంద, దాని వెనక కట్టె పట్టుకుని ఓ పెద్దావిడ. నన్ను చూసి ఆగిపోయింది.

"ఎవలు బిడ్డా నువ్వు? ఒక్కదానివే పైకెందుకు పోయినవ్?"

"ఊకనే."

"ఊకనే ఎవలు పోతరు?" కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. "ఇంట్ల కొట్లాడి వచ్చినవా? సచ్చేటందుకైతే కాదు గద? నువ్వు కదలకు. మావోళ్లను పిలుస్త."

ఓరి దేవుడా! నిజంగానే ఫోన్ తీసింది. పదిమంది పోగయ్యారంటే నా ఆదివారం అంతటితో సరి. నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను.

"మొక్కున్నదక్కా. మూడు గుట్టలు ఎక్కుతనని మొక్కిన."

అంతే, ఆవిడ మొహమే మారిపోయింది. కట్టె చంకలో పెట్టి రెండు చేతులూ జోడించింది. పేరు సోమక్కట. మూడో గుట్ట మీద మల్లన్న ఉంటాడట. ఆవిడ గబగబా తన గోడు చెప్పుకొచ్చింది. కోడలు నెలలు నిండకుండానే ఆడపిల్లను కన్నది. ఆ పిల్లను దవాఖానలో అద్దాల పెట్టెలో పెట్టారు. గొంతులో ట్యూబు, మిషన్ ఊపిరి పోస్తోంది.

"ఇయ్యాల గడిస్తెనే అన్నరు డాక్టర్లు. నాకేమో పురుటి మైలాయె. అది తీరేదాక గుట్ట తొక్కొద్దు, నా చెయ్యి తగలొద్దు. గా రాయి కాడ బండారి పసుపు ఉంటది, చిటికెడు నువ్వే తీసుకపో. జర నా ముచ్చట చెప్పు బిడ్డా ఆయనకు."

"పిల్ల పేరేంది?"

"పేరింక పెట్టలే. సోమక్క మనుమరాలని చెప్పు. ఆయనకెరుకే."

నాకు దేవుడి మీద భక్తీ లేదు, కోపమూ లేదు. ఆవిడ చూపించిన రాయి మీది పసుపు చిటికెడు చేతిరుమాలులో మూటగట్టి బ్యాగులో పడేశాను. ఇదెక్కడి తగలాటం, అనుకున్నాను.

రెండో గుట్ట నా పని పట్టింది. బండలు కాలిపోతున్నాయి. దిగేటప్పుడు కాలు జారి మోకాలు చెక్కుకుపోయింది. నీళ్లు అయిపోవచ్చాయి. మూడోదేమో నిట్టనిలువు. బుద్ధున్న మనిషి ఎవరైనా అక్కడి నుంచే ఆటో చూసుకుని ఇంటికి పోతారు. నేనూ పోయేదాన్నే. రెండెక్కానో మూడెక్కానో అడిగేవాళ్లెవరు? కానీ బ్యాగులో ఆ పసుపు ఉంది. పారేద్దామంటే చెయ్యి రాలేదు. సోమక్కను తిట్టాను, నన్ను తిట్టుకున్నాను, తిట్టుకుంటూనే ఎక్కాను.

చివరి బండ బాగా ఏటవాలు. చేతులూ మోకాళ్లూ ఆనించి పాకాను. సగంలో కిందికి చూశాను. చూడకూడదు. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. చచ్చేంత భయమేసింది. పిల్ల ఎవరో, దేవుడెవరో, ఇదంతా నాకెందుకు? బండకు చెంప ఆనించి కాసేపు అలాగే ఉన్నాను. తర్వాత చేతికందిన పగులు పట్టుకుని పైకి పాకాను.

పైన గుడీ లేదు, గోపురమూ లేదు. పసుపు పూసిన రాయి, అంతే. రుమాలు విప్పి పసుపు దాని మీద పెట్టాను. మనసులో అనుకుంటే చాలో చాలదో నాకు తెలియదు. అందుకని క్లాసులో అరిచినట్టే అరిచాను.

"సోమక్క మనుమరాలు! దవాఖానల ఉన్నది! చూసుకో!"

వెనకవైపు దారి నయం. కుంటుకుంటూ దిగేసరికి పొద్దు వాలింది. సోమక్క గొర్రెలను ఇటు తోలుకొచ్చి నా కోసమే కూర్చుంది.

"ముట్టిందా బిడ్డా?"

"ముట్టింది."

"మరి నీ మొక్కు?"

ఆ మొహం చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. "నాకే మొక్కు లేదక్కా. నువ్వు మందిని పిలుస్తవని అట్లన్న. ఊకనే ఎక్కుదామని వచ్చిన."

కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది.

"ఊకనే ఎవలెక్కుతరు పిచ్చిదానా? నేను పోరాదాయె. అందుకే నిన్ను తోలిండు."

ఒళ్లు మండింది. కోరిక నాది, కాళ్లు నావి, చెక్కుకుపోయిన మోకాలు నాది. మధ్యలో ఆయనెవరు తోలడానికి? ఆ మాటే అనబోయేలోపు ఆవిడ ఫోన్ మోగింది. దవాఖాన నుంచి కొడుకు. ఫోన్ నా ముందు పెట్టింది.

"నువ్వే మాట్లాడు బిడ్డా. నాతోని గాదు."

ఎత్తాను. "అవ్వా, ట్యూబు తీసేసిండ్రు" అన్నాడు. ఏడుస్తున్నాడు.

ఎందుకు తీశారని అడిగాను.

"మిషన్ అక్కర్లేదన్నరు. సొంతంగనే ఊపిరి తీసుకుంటాంది."

చెబుదామని సోమక్క వైపు తిరిగాను. మాటకంటే ముందు కన్నీళ్లొచ్చాయి. అవి చూసి ఆవిడ "అయ్యో నా తల్లీ" అంటూ నేల మీద కూలబడి గుండెలు బాదుకోసాగింది. ఆ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను.

"ఏడ్వకు!" అని కేకేశాను. "బతికింది. పిల్ల బతికింది, సోమక్కా."