ఒక్క గొంతుకే చోటు

నేను ఒక చేతిమైకును. ముందు వెడల్పాటి మూతి, వెనక చిన్న పిడి, పిడి మీద రెండు బొత్తాలు. నల్ల బొత్తాం నొక్కి మీరేమన్నా దాన్ని పదింతలు చేసి వీధికి వినిపిస్తాను. ఎర్ర బొత్తాం నొక్కి పట్టి మాట్లాడితే ఆ మాట కడుపులో దాచుకుని, ఊరికే తట్టి వదిలినప్పుడల్లా అప్పజెబుతాను. ఒక్కటే చిక్కు, నాలో ఒక్క గొంతుకే చోటుంది. కొత్త గొంతు లోపలికి వచ్చిందంటే పాతది పోయినట్టే, ఎంత బతిమాలినా తిరిగి రాదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరి మాట మోయడమే తప్ప సొంతంగా నోరు విప్పింది లేదు. ఈ ఒక్కసారికి బొత్తాం ఎవరూ నొక్కకుండానే మాట్లాడుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

పుట్టింది ఢిల్లీలో, ఎండ పడని ఒక సందులో. వేడి ప్లాస్టిక్కును మూసలో పోసి నన్ను తీసిన మనిషి మొహం కూడా గుర్తులేదు. నాలోంచి వెళ్లిన మొదటి మాట ‘హలో, హలో’. ఎంత గొప్ప సభలో మోగే మైకు బతుకైనా అలాగే మొదలవుతుంది కాబట్టి అందులో నేను చిన్నబుచ్చుకున్నదేమీ లేదు.

హైదరాబాదులో నన్ను కొన్నవాడు బుగ్గయ్య. కోఠీలో ఫుట్‌పాత్ మీద చిన్నపిల్లల గౌన్లు పరిచి అమ్మేవాడు. దుకాణంవాడు ఎర్ర బొత్తాం సంగతి చెప్పబోతే, “నా గొంతు ఏడికి వోయిందని అండ్ల దాసుకోవాలె?” అని కొట్టిపారేశాడు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా నన్ను మూతికి ఆనించుకుని, “రాండ్రి రాండ్రి! పిల్లల గౌన్లు! సూశినందుకు పైసల్ లేవు!” అని రాగం తీసేవాడు. ఆ రాగానికి ఆడవాళ్లు ఆగేవారు. ఆగినవాళ్లు వంగి చూసేవారు. వంగినవాళ్లు ఏదో ఒకటి కొనకుండా లేచేవారు కాదు.

ఆ కోఠీని తలచుకుంటే నాకిప్పటికీ బెంగే. బస్సుల హారన్లు, పాత పుస్తకాల బేరాలు, జామకాయలవాడి కేక, ఇరానీ హోటల్లో కప్పులూ సాసర్ల చప్పుడు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా నాలుగడుగులు వేయగలిగితే అది కోఠీయే కాదు. ఆ రద్దీని తిట్టని మనిషిని నేను చూడలేదు. పండగ దగ్గర పడితే తిట్టినవాళ్లే పిల్లల్ని చంకనేసుకుని మళ్లీ అందులోకి వచ్చి పడేవారు. మనుషులు ఇలాంటివాళ్లు కాబట్టే మా బుగ్గయ్య పొయ్యి వెలిగింది.

ఒక మార్చి నెలలో అదంతా ఆగిపోయింది. ముందు పళ్లేలు మోగాయి, తర్వాత ఏదీ మోగలేదు. గౌన్ల మూటతో పాటు నేనూ చింతల్‌బస్తీలో బుగ్గయ్య ఇంటికి చేరాను. బుగ్గయ్య గొంతు అందరికీ తెలిసినదే కదా అని, బస్తీలో చాటింపు పని అతనికే అప్పగించారు. పాపం, అతనికి వచ్చింది ఒక్కటే రాగం. “రావొద్దు రావొద్దు! ఎవ్వరు బయటికి రావొద్దు!” అని అచ్చం గౌన్లు అమ్మినట్టే పాడాడు. ఏం చౌకగా వచ్చిందోనని జనం తలుపులు తీసుకుని బయటికొచ్చారు! బుగ్గయ్య తల పట్టుకున్నాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. కానీ ఇంటికెళ్లాక గౌన్ల మూట విప్పి, మడతలు సరిచేసి, మళ్లీ కట్టాడు. ఆ పని రోజూ చేసేవాడు. అమ్మిందీ లేదు, కొన్నదీ లేదు, మడతలు మాత్రం నలగకుండా చూసుకునేవాడు.

కూరల లారీలను మాత్రం ఎవరూ ఆపలేదు. బస్తీకి కూరలు తెచ్చిన లారీ డ్రైవరు మస్తాన్‌వలీది విజయవాడ. ఒకరోజు బుగ్గయ్య నన్ను అతని చేతిలో పెట్టి, “నా నోరే మూతవడ్డది తమ్మీ, ఇంక దీని నోరెందుకు? నువ్వన్న తీస్కపో, పనికొస్తది” అన్నాడు. వదిలేముందు మూతిని తువ్వాలుతో తుడిచాడు. అదే నేనతన్ని చివరిసారి చూడడం.

విజయవాడలో దుకాణాలన్నీ మూతబడ్డాయి. బీసెంట్ రోడ్డులో కుక్కలు నడిరోడ్డున కాళ్లు చాపుకుని పడుకున్నాయి. కృష్ణ మీది వారధి మాత్రం నడుస్తూనే ఉంది. బస్సులూ కార్లూ కావు, మనుషులు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, తెగిపోయిన చెప్పులకు చుట్టుకున్న గుడ్డపీలికలు. చెన్నై నుంచి బయల్దేరినవాళ్లు, ఒడిశా దాకా పోవాల్సినవాళ్లు. ఇన్నేళ్లూ ఎవరో కట్టుకునే మేడలకు ఇటుకలు మోసినవాళ్లకు ఆ ఊళ్లలో తలదాచుకునే చోటు లేకపోయింది. మస్తాన్‌వలీ వాడలోని ఆడవాళ్లు పులిహోర పొట్లాలు కట్టి తెచ్చేవారు. అతను వారధి మొదట్లో నిలబడి నన్నెత్తి, “ఆగండి బాబూ, కాస్త తినిపోండి, అమ్మా ఆగండి” అని పిలిచేవాడు. మైకు కనపడగానే వెళ్లగొడతారేమోనని వాళ్లు రోడ్డుకు అటువైపు జరిగేవారు. అందుకని అతను నన్ను కింద పెట్టేసి, వట్టి గొంతుతో పిలవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆగారు. అంతవరకూ నా అరుపు చూసుకుని మురిసిపోయిన నాకు, ఆ రోజు నిజంగా సిగ్గేసింది.

ఆ తర్వాత లారీతో పాటు విశాఖపట్నం వచ్చాను. మస్తాన్‌వలీ దగ్గర కూరల గంపలు దించుకునేవాడు గౌర్నాయుడు. నిన్నమొన్నటి దాకా ఆటో డ్రైవరు. ఎక్కేవాళ్లు లేక, వెనక సీటు పీకేసి బల్ల వేసి కూరలు పేర్చుకున్నాడు. అసలు కూరల మనిషి అతని భార్య నూకరత్నం. ఏళ్ల తరబడి నెత్తిన గంపతో అల్లిపురం సందులన్నీ తిరిగింది. ఆమె కేకేస్తే మూడో అంతస్తులో పోపు వేస్తున్న చెయ్యి కూడా ఆగేదని చెప్పుకునేవారు. ఇప్పుడు మూతికి గుడ్డ అడ్డమైంది. కేక ఆ గుడ్డలోనే తడిసిపోతోంది. మేడల మీదివాళ్లేమో కిందికి దిగరు. అది విని మస్తాన్‌వలీ నన్ను వాళ్లకిచ్చేశాడు.

మొట్టమొదటిసారి నా ఎర్ర బొత్తాం నొక్కింది నూకరత్నమే. మాస్కు గడ్డం కిందికి లాగి, కళ్లు మూసుకుని, “వంకాయలమ్మా... బెండకాయలూ... లేత ఆనపకాయలమ్మా... గోరుచిక్కుడుకాయలూ...” అంది. ఆ ‘ఆనపకాయలమ్మా’ అన్న చోట గొంతు పైకి లేచి, ఒక్క క్షణం అక్కడే నిలిచి, తీరిగ్గా కిందికి దిగేది. చెవి కోసుకునేవాళ్లు మేడమేడకీ ఉన్నారు.

ఆ కాలంలో విశాఖ ఎలా ఉండేదో మీకు గుర్తుందో లేదో. బీచి రోడ్డులో అలల మోతే తప్ప పిడత కింద పప్పు అమ్మేవాడి గంట లేదు. ఊరు ఊరంతా బాల్కనీల్లోకి ఎక్కి కూర్చుంది. నా కేక వినపడగానే తాళ్లకు కట్టిన బుట్టలు పైనుంచి దిగేవి. మూడో అంతస్తు కామేశ్వరిగారు మరీ ముందు జాగ్రత్త మనిషి. టమాటాలకు సబ్బు రుద్దేది, బెండకాయలకు పసుపు నీళ్ల స్నానం చేయించేది, బేరం దగ్గరికొచ్చేసరికి మాత్రం మాటలు సరిగ్గా వినపడాలని మాస్కు తీసేసేది. ఎదురింటివాళ్లతో ఎన్నడూ పలకరింపైనా లేనివాళ్లు, బుట్టలు పైకి లాక్కుంటూ ‘మీరేం వండుతున్నారు’ అని ఒకరినొకరు అడిగేవారు. మనిషి మొహం కోసం అంతగా మొహం వాచిపోయి ఉన్నారు. భయం నిండిన రోజులే అయినా, ఆ పలకరింపులు నాకు బాగుండేవి.

మరుసటి వేసవిలో నూకరత్నానికి జబ్బు చేసింది. అంబులెన్సులో తీసుకుపోయారు. గౌర్నాయుణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. గొంతులోకి గొట్టం దింపారని మాత్రం కబురందింది. ఆటో కదల్లేదు. సాయంత్రం కాగానే అతను అరుగు మీద నన్ను ఒళ్లో పెట్టుకుని బొత్తాం నొక్కేవాడు. “వంకాయలమ్మా... బెండకాయలూ...” అని నేను మొదలుపెట్టేదాన్ని. మొదటిరోజు ఇరుగుపొరుగు సంచులు పట్టుకుని వచ్చేశారు.

“ఏటి నాయుడూ, ఈ ఏలప్పుడు కూరలొచ్చాయా?”

“కూరల్లేవమ్మా. ఊరికినే ఎట్టుకున్నాను” అన్నాడతను తలెత్తకుండా.

వాళ్లకు అర్థమై వెనక్కి తిరిగారు. మర్నాటి నుంచి సంచులతో ఎవరూ రాలేదు. అలాగని ఆపమని కూడా ఎవరూ అనలేదు. బ్యాటరీ నీరసించి నా గొంతు సాగిపోతుంటే కంగారుగా కొత్తవి వేసేవాడు. ఆ ఇంట్లో ఆమె మిగిలి ఉన్నది నాలోనే.

నూకరత్నం బతికి వచ్చింది. కళ్లు లోతుకు పోయాయి, జబ్బలు ఎండిపోయాయి. నోరు తెరిస్తే గాలి ఎక్కువ, మాట తక్కువ. గొంతు బొంగురుపోయి, రెండు మాటలకోసారి తెగేది. ఇక ఇంతే, బతకడమే గొప్ప అన్నారట డాక్టర్లు. ఓపిక రాగానే ఆటోలో వెనక కూర్చుని తూకం వేయడం మొదలుపెట్టింది. కేకలు వేసేదాన్ని నేనే, ఆమె పాత గొంతుతో.

“రత్నం! గొంతు ఎప్పటిలా ఖంగుమంటోందే! చల్లగా ఉండు తల్లీ” అంది కామేశ్వరిగారు పైనుంచి. రత్నం తలెత్తి ఏదో జవాబు చెప్పింది. ఆ బొంగురు విని ఆవిడ ఉలిక్కిపడి, “అయ్యో, ఇంకా తగ్గలేదా?” అంటూ బుట్టను సగంలోనే పైకి లాగేసుకుంది. ఇలాంటివి ఒకటి రెండు కావు. వీధికి నాలోని రత్నం కావాలి, బండిలో రత్నం అంటే జంకు. రానురాను ఆమె నోరు విప్పడమే మానేసింది. తక్కెడ చూపించి, వేళ్లతో సైగ చేసి ఊరుకునేది. ఆమె నోరు కట్టేసింది నేనే కదా అని నాలో నేను కుమిలిపోయాను. బొత్తాం నొక్కితే పలకకుండా ఉండే స్వతంత్రం నాకేదీ?

ఇక గౌర్నాయుడి సంగతి చూడండి. నాలో ఉన్న కూరలు నాలుగే. చలికాలం వచ్చింది, బజారు నిండా కాలీఫ్లవరు, పచ్చిబఠాణీ, చిక్కుడు. ఇతను మాత్రం లేత ఆనపకాయల కోసం ఊరంతా గాలించి, ముదురువి దొరికితే వాటినే తెచ్చేవాడు. నేను లేతవని అరిచేదాన్ని, జనం గోరు గుచ్చి చూసి నవ్వేవారు. కొత్త కూరలు బండిలో పెట్టాలంటే కొత్త కేక కావాలి, కొత్త కేక వస్తే పాత గొంతు పోతుంది. దానికి అతని ప్రాణం ఒప్పలేదు. సెల్లులోకి ఎక్కించుకోవచ్చు కదా అని మీరనవచ్చు. ఒకాయన ఎక్కించి వినిపించాడు కూడా. గౌర్నాయుడు విని, “ఇది రత్నం కాదు బాబూ, రేడియోలో ఎవులో మాటాడినట్టుంది” అన్నాడు. నాకు కాస్త గర్వం కలిగిందని ఒప్పుకుంటాను.

ఒక పొద్దున ఆటోలోకి కూరలు ఎక్కిస్తుండగా రత్నం ఇక ఉండబట్టలేకపోయింది.

“మావా, ఇంక ఆపీ. అరిసీది అదీ, కూకునీది నేనూ. ఈదోలందరూ దాన్తోటే మాటాడతన్నారు.”

“సెరిపేత్తే మరి రాదే రత్నం.”

“రాదు. నా గొంతులోకీ రాదు మరి. నాకు తెల్దా?”

“నువ్వు ఆసుపత్రిలో ఉన్నన్నాల్లూ నాకు అదేనే నువ్వు.” అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అప్పుడు. ఇప్పుడు నీ ఎదురుగుండా నిలబడ్డాను గదా మావా. నన్నిను. బతికొచ్చింది ఈ గొంతే.”

ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది. తొలిసారి నొక్కిన వేలితోనే ఎర్ర బొత్తాం నొక్కింది. “కాలీప్లవరమ్మా... సిక్కుడుకాయలూ... పచ్చిబటానీలమ్మా...” అంది. గొంతు మూడుచోట్ల తెగింది. చివర ఊపిరందక రొప్పుతుంటే, పక్కనున్న గౌర్నాయుడు తట్టుకోలేక, “మెల్లగా రత్నం, ఆయాసం ఒత్తాది” అన్నాడు. బొత్తాం మీద వేలు ఇంకా అలాగే ఉంది. అదీ నాలోకి వచ్చి పడింది.

పాత గొంతు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. అంత అందమైన గొంతు మళ్లీ నాలోకి రాదని మాత్రం తెలుసు. ఇప్పటికీ బెంగపడతాను.

మళ్లీ వేసి వినేసరికి గౌర్నాయుడి మొహం కందగడ్డయింది. “సీ సీ, ఈదిలో నవ్వుతారే. ఇంకోసారి నొక్కు” అన్నాడు. రత్నం నన్ను తీసుకెళ్లి ఆటో ముందు కమ్మీకి కట్టేసింది.

నవ్వారు. మొదటి రోజున సందుసందునా నవ్వారు. కూరల పేర్లు అయ్యాక ‘మెల్లగా రత్నం’ అని నాకంటే ముందే పిల్లలు అరిచేవారు. కానీ బొంగురు గొంతును చూసి బెదరడం మానేశారు. రోజూ వినే గొంతు మనిషి నోట వింటే బెదురేముంది? రత్నం మళ్లీ బేరాలాడింది, విసుక్కుంది, కొసరు వేసింది.

ఇప్పుడు మాస్కులు పోయాయి. బీచిలో గంటలు మోగుతున్నాయి, కోఠీలో మళ్లీ మోచేతులు తగులుతున్నాయని మస్తాన్‌వలీ చెబుతుంటాడు. ప్రతి ఊళ్లో, ప్రతి బండికీ నాలాంటిదొకటి వేలాడుతోందట. ఊపిరి తీసుకుని, మొహం చూసి, మనిషికి తగ్గట్టు రాగం మార్చే కేక అరుదైపోయింది. బుగ్గయ్య ఒక్కడైనా ఎర్ర బొత్తాం జోలికి పోకుండా ఉన్నాడని నా ఆశ. నేనూ ముసలిదాన్నయ్యాను. మూతి పగిలింది, బ్యాటరీ మూతకు తాడు కట్టారు.

మొన్న కామేశ్వరిగారు బుట్ట దించుతూ, “అన్నీ బాగానే ఉన్నాయి గానీ రత్నం, ఆ చివరి ముక్క తీసేయించరాదూ? మొగుడూ పెళ్లాల మాట వీధంతా వినడం ఏం బాగుంటుంది?” అంది.

రత్నం బఠాణీలు బుట్టలో పోసింది. తాడు లాగమని సైగ చేసి, తన బొంగురు గొంతుతో పైకి వినపడేలా చెప్పింది.

“కూరల కేక మీ కోసం ఏసినానమ్మా. ఆ మాట నా కోసం అన్నాడు. అదెలా తీసెత్తాను?”